నాలుగు జీబీ వేస్తే మూడుంపావే ఎందుకు చూపిస్తుంది?

(కంప్యూటర్ సర్వీసింగ్ నేర్చుకుంటున్న విద్యార్థులతో, వాళ్ల వెంట వచ్చిన పెద్దలతో మాట్లాడిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్లు చదువుకుంటారని రికార్డింగు విని రాసిపెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినపడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది. వినపడకపోతే చెయ్యి ఎత్తండి, గొంతు పెంచుతాను.

ఈరోజు ఒక్క విషయమే మాట్లాడదాం. కంప్యూటర్‌లో 8 జీబీ ర్యామ్ వేశాం. బిల్లు మీద 8 అనే ఉంది. ర్యామ్ మీద అంటించిన స్టిక్కరు మీదా 8 అనే ఉంది. ఆన్ చేసి చూస్తే 5.9. మిగతా రెండూ ఏమైనట్టు? ఎవరు తీసుకున్నట్టు? ఈ ప్రశ్న మీలో ఎంతమందికి ఎదురైంది? చేతులెత్తండి. చూశారా, సగం మంది పైనే ఉన్నారు. మిగతావాళ్లకు ఇంకో ఏడాదిలో ఎదురవుతుంది. కస్టమర్ అడుగుతాడు. అడిగేటప్పుడు ఆయన గొంతులో అనుమానం ఉంటుంది, ఎవరో నన్ను మోసం చేశారు అని. ముందు ఆ అనుమానం గురించి చెప్తాను. ర్యామ్ సంగతి తర్వాత.

2008. నేను పని నేర్చుకుంటున్న రోజులు. మా ఊళ్లో ఒక డీటీపీ సెంటరు ఉండేది. పెళ్లికార్డులు, కరపత్రాలు, అప్పుడే ఊపందుకుంటున్న ఫ్లెక్సీలు. ఇరవై అడుగుల ఫ్లెక్సీ ఫైలు ఫోటోషాప్‌లో తెరిస్తే, ఒక జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ పరిస్థితి ఎలా ఉండేదో ఇప్పటి పిల్లలకు తెలీదు. మౌస్ కదిపి, టీ తాగి వస్తే అప్పటికి బాణం కదిలేది. తర్వాతి ఏడాది ఎన్నికలు. పని బాగా వస్తుందని ఆ సెంటరు ఓనరు రెండు 2 జీబీ ర్యామ్ స్టిక్కులు కొన్నాడు. వెళ్లి బిగించింది నేనే. విండోస్ ఎక్స్‌పీ. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్. 3.25 జీబీ.

ఆయన షాపుకి వెళ్లాడు. షాపాయన మాట్లాడకుండా రెండు స్టిక్కులూ మార్చి ఇచ్చాడు. బిగిస్తే మళ్లీ 3.25. మళ్లీ వెళ్లాం. ఈసారి గొడవైంది. నేను పక్కనే నిలబడి, "అవునండీ, నేనే బిగించాను, తక్కువే చూపిస్తోంది" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఆ షాపు కౌంటర్ దగ్గర సరుకు తీసిచ్చే కుర్రాడు ఒకడు ఉండేవాడు. పద్దెనిమిదో పంతొమ్మిదో ఉంటాయి. వాడే పాత స్టిక్కులు కొత్త ప్యాకెట్లలో పెడుతున్నాడని వాడి మీద పడ్డారు. తర్వాతి వారం నేను వెళ్లేసరికి కౌంటర్ దగ్గర వేరే మనిషి ఉన్నాడు.

ఆ ర్యామ్‌లో ఏ లోపమూ లేదు. నాలుగు జీబీ నాలుగూ ఉంది. ఆ సంగతి నాకు తెలిసేసరికి ఆరేడు నెలలు గడిచాయి. అప్పటికి ఆ కుర్రాడు ఏ ఊరు వెళ్లాడో ఎవరికీ తెలీదు. అందుకే ఎవరు ఎక్కడికి పిలిచినా ఈ విషయం మీద మాట్లాడటానికి వస్తాను. మీరు రేపు కస్టమర్ పక్కన నిలబడి ఒక మాట అంటారు. ఆ మాట తెలిసి అనాలి.

సరే, అసలు విషయంలోకి వద్దాం.

ర్యామ్ అంటే గళ్లు. ఒక్కో గడిలో ఒక బైట్. ప్రాసెసర్‌కి ఏ గడిలోది కావాలన్నా ఆ గడి నంబరు చెప్పాలి. దాన్నే అడ్రెస్ అంటాం. నంబరు ఎలా చెప్తుంది? తీగల మీద. ఒక్కో తీగలో కరెంటు ఉంటుంది, లేదా ఉండదు. దాన్నే ఒక బిట్ అంటాం. అంతే. ఒక్క తీగతో ఎన్ని నంబర్లు చెప్పొచ్చు? రెండు. రెండు తీగలతో? నాలుగు. మూడింటితో? నాతోపాటు చెప్పండి, ఎనిమిది. పది తీగలతో 1024. ఇరవై తీగలతో 10 లక్షల 48 వేల 576. తీగ పెరిగినప్పుడల్లా రెట్టింపు. ముప్పై రెండు తీగలకు వచ్చేసరికి 429 కోట్ల 49 లక్షల 67 వేల 296. దీన్నే మనం 4 జీబీ అంటున్నాం.

ఇక్కడ కాస్త ఆగండి. అందరూ పొరపాటు పడేది ఇక్కడే. "32 బిట్ కంప్యూటర్ 4 జీబీ ర్యామ్ దాకా వాడుకోగలదు" అని చదువుతాం, పరీక్షలో రాస్తాం, మార్కులు కూడా వేస్తారు. అది సగం నిజం. 32 బిట్ కంప్యూటర్ దగ్గర ఉన్నవి 4 జీబీ నంబర్లు. నంబర్లు. ర్యామ్ కాదు. మరి ఆ నంబర్లు ఒక్క ర్యామ్‌కేనా కావాల్సింది? గ్రాఫిక్స్ కార్డుకీ కావాలి. నెట్‌వర్క్ కార్డుకీ కావాలి. యూఎస్‌బీ కంట్రోలర్‌కీ కావాలి. కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము ఉండే బయోస్ చిప్‌కీ కావాలి. ప్రాసెసర్ తెర మీద బొమ్మ వేయించాలంటే గ్రాఫిక్స్ కార్డుని పిలవాలి. ఆ పిలవడం కూడా ఒక నంబరుతోనే. ఈ నంబరు నుంచి ఆ నంబరు దాకా పిలిస్తే పలికేది ర్యామ్ కాదు, గ్రాఫిక్స్ కార్డు. ఈ పంపకం అంతా ఆన్ చేసిన మొదటి క్షణాల్లోనే బయోస్ చేసేస్తుంది. విండోస్ లోగో కనిపించకముందే పంపకాలు అయిపోతాయి.

మీలో వ్యవసాయ కుటుంబాలవాళ్లు ఎంతమంది? చాలామందే ఉన్నారు. పాసు పుస్తకంలో ఐదెకరాలు ఉంటుంది. నాటు పడేది ఐదెకరాలూనా? గట్లు పోవాలి, బోదె పోవాలి, బోరు చుట్టూ కొంత పోవాలి, బండి దారి పోవాలి. గట్టు కింద భూమిని ఎవరూ ఎత్తుకుపోలేదు. అక్కడే ఉంది. మీదే. కానీ అందులో నాటు వేయలేరు. సరిగ్గా ఇదే జరిగింది మా డీటీపీ సెంటరులో. ఆ 0.75 జీబీ ర్యామ్ స్లాట్‌లోనే ఉంది. దానికి కరెంటు అందుతూనే ఉంది. కానీ దాని నంబర్లు వేరేవాళ్లకు ఇచ్చేశారు కాబట్టి, ప్రాసెసర్ పిలిచినా అది పలకదు.

"అయితే ఆ నంబర్లు ర్యామ్‌కే ఇచ్చి, మిగతావాటిని సర్దుకోమనొచ్చు కదా" అనిపిస్తుంది. అనొచ్చా? ఒక్కటి చూడండి. కరెంటు రాగానే ప్రాసెసర్ మొట్టమొదట చదివే ఆజ్ఞ ఎక్కడుంటుంది? 4 జీబీ సరిహద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద. ఇంటెల్ 386 ప్రాసెసర్ కాలం నుంచీ అంతే. ఇప్పుడు ఆ నంబరు ర్యామ్‌కి ఇచ్చామనుకోండి. కరెంటు వచ్చిన క్షణంలో ర్యామ్‌లో ఏముంటుంది? ఏమీ ఉండదు, చెత్త ఉంటుంది. ప్రాసెసర్ ఆ చెత్తను ఆజ్ఞ అనుకుని చదువుతుంది. కంప్యూటర్ ఆన్ కాదు. అందుకని ఆ చివర బయోస్ చిప్ ఉండి తీరాలి. దానికి కాస్త కిందే ఇంటరప్ట్ కంట్రోలర్లు, అంటే పరికరాలు ప్రాసెసర్‌ని పిలిచే పిలుపులు చూసుకునేవి. ఇంకా కిందికొస్తే పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ల వ్యవహారం. ఆ పద్ధతిలో 256 బస్సులు, అంటే డేటా వెళ్లే దారులు, ఉండొచ్చు, ఒక్కో బస్సు మీద 32 పరికరాలు, ఒక్కో పరికరంలో 8 విభాగాలు, ఒక్కో విభాగానికి 4 కేబీ. హెచ్చవేయండి. 256 ఎంబీ. మీ బోర్డు మీద ఉన్నది రెండే స్లాట్లైనా సరే, చాలా బోర్డుల్లో ఆ 256 ఎంబీ నంబర్లు మొత్తంగా పక్కన పెట్టేస్తారు. దాని కింద గ్రాఫిక్స్ కార్డు వాటా. ఇలా పై నుంచి కిందికి దిగుతూ వస్తే ఎక్కడ ఆగుతామో, అక్కడి దాకానే ర్యామ్.

ఒక కంప్యూటర్‌లో 3.25, ఇంకోదాంట్లో 3.5, మరోదాంట్లో 2.75 ఎందుకు వస్తుందో ఇప్పుడు తెలిసింది కదా? ర్యామ్ ఒకటే, పక్కన ఉన్న కార్డులు వేరు. నాకు ఈ సంగతి తెలిసింది కూడా అలాగే. అదే డీటీపీ సెంటరులో ఎండాకాలంలో గ్రాఫిక్స్ కార్డు పోయింది. కొత్తది వచ్చేదాకా నా దగ్గరున్న చిన్న కార్డు, పాతది, తీసుకెళ్లి పెట్టాను. ర్యామ్ ముట్టుకోలేదు. ఆన్ చేసి చూస్తే 3.50 జీబీ. ర్యామ్ పెరిగింది! కార్డు మారిస్తే ర్యామ్ ఎలా పెరుగుతుంది? ఆ రాత్రి నిద్ర పట్టలేదు నాకు. ఆ కుర్రాడే గుర్తొచ్చాడు.

ఇది ఎక్స్‌పీ కాలంలో పుట్టిన సమస్యా? కాదు. 1981లో ఐబీఎం మొదటి పీసీ తెచ్చింది. అందులో ఇంటెల్ 8088 ప్రాసెసర్. దానికి అడ్రెస్ తీగలు ఇరవై. ఇరవై తీగలకు ఎంత అనుకున్నాం? 10 లక్షల 48 వేల 576, అంటే 1 ఎంబీ. ఆ నంబర్లను రెండు భాగాలు చేశారు. కింది 640 కేబీ ప్రోగ్రాములకు, పై 384 కేబీ తెరకూ బయోస్‌కూ. మీలో డాస్ చూసిన పెద్దవాళ్లకు ఆ 640 గుర్తుండే ఉంటుంది, గేమ్ పెడితే మెమరీ చాలడం లేదని వచ్చేది. అప్పుడు 640 దగ్గర, 2008లో మూడుంపావు దగ్గర. గట్టు జరిగింది, అంతే.

ఇంకో ముచ్చట. ఇంటెల్ 1995లోనే పెంటియం ప్రోకి 36 అడ్రెస్ తీగలు పెట్టింది. 36 తీగలంటే 64 జీబీ నంబర్లు. మరి 2008లో మా ఎక్స్‌పీ ఎందుకు వాడుకోలేదు? విండోస్ 32 బిట్ సర్వర్ ఎడిషన్లలో కొన్ని వాడుకున్నాయి కూడా. ఇంట్లో వాడే విండోస్‌కి మాత్రం మైక్రోసాఫ్ట్ ఒప్పుకోలేదు. కారణం డ్రైవర్లు, అంటే ఒక్కో కార్డుతో విండోస్ మాట్లాడటానికి వాడే చిన్న ప్రోగ్రాములు. సౌండ్ కార్డుకి, గ్రాఫిక్స్ కార్డుకి డ్రైవర్ రాసినవాళ్లు అడ్రెస్ అంటే 32 బిట్లే అనుకుని రాశారు. అంతకన్నా పెద్ద నంబరు ఇస్తే ఆ డ్రైవర్ పై అంకెలు వదిలేసి కింది అంకెలే తీసుకుంటుంది. ఫోన్ నంబరులో మొదటి అంకె వదిలేసి డయల్ చేస్తే ఎవరికి పోతుంది? ఎవరికో పోతుంది. ఇక్కడ ఎవరి డేటా మీదో రాసేస్తుంది. కంప్యూటర్ బిగుసుకుపోతుంది, నీలం తెర వస్తుంది. మైక్రోసాఫ్ట్ వాళ్లు పరీక్షించి ఇది చూశారు. అందుకని 2004లో ఎక్స్‌పీకి సర్వీస్ ప్యాక్ 2 ఇచ్చినప్పుడు, 4 జీబీ పైనున్న నంబర్లను వాడకుండా ఆపేశారు. ముప్పావు జీబీ దాచి, మన ఫైళ్లు కాపాడారన్నమాట. నా మటుకు నాకు అది సరైన నిర్ణయమే. అందుకే "32 బిట్ విండోస్‌లో 4 జీబీ తాళం తీసే ప్యాచ్" అని ఎవరైనా పెన్‌డ్రైవ్‌లో తెచ్చిస్తే కస్టమర్ కంప్యూటర్‌లో వేయకండి. ఆయన పెళ్లి ఆల్బమ్ ఫైళ్లు పోతే మీరు తెచ్చివ్వలేరు.

64 బిట్ వచ్చాక నంబర్లకు కొదవ లేదు. అప్పుడు బోర్డు ఏం చేస్తుందంటే, పరికరాల నంబర్ల కింద ఇరుక్కుపోయిన ర్యామ్‌కి 4 జీబీ పైన కొత్త నంబర్లు ఇస్తుంది. బయోస్‌లో దీని పేరు మెమరీ రీమ్యాప్. కొన్ని పాత బోర్డుల్లో అది డిసేబుల్ చేసి ఉంటుంది, ఎనేబుల్ చేస్తే పోయిన ర్యామ్ తిరిగొస్తుంది. అయితే బోర్డుకి ఆ శక్తి ఉండాలి. ఇంటెల్ 945 చిప్‌సెట్ బోర్డులు చూసి ఉంటారు, ఇప్పటికీ ఎక్కడో ఒకచోట కనిపిస్తాయి. వాటికి రీమ్యాప్ లేదు. వాటి మీద 64 బిట్ విండోస్ వేసినా, లినక్స్ వేసినా, ర్యామ్ మూడుంపావు ప్రాంతంలోనే ఆగుతుంది. విండోస్ మార్చడానికి కస్టమర్ దగ్గర డబ్బులు తీసుకునే ముందు బోర్డు పేరు చూడండి. అది మన బాధ్యత.

తెర మీద అంకె గురించి కూడా చెప్పాలి. ఎక్స్‌పీ, తర్వాత వచ్చిన విస్టా మొదట్లో అందే ర్యామ్‌నే చూపించేవి. జనం గగ్గోలు పెట్టారు. 2008లో విస్టా సర్వీస్ ప్యాక్ 1తో మైక్రోసాఫ్ట్ ఆ అంకె మార్చింది. వేసినదంతా చూపించడం మొదలుపెట్టింది. ర్యామ్ ఏమీ పెరగలేదు, అంకె ఒక్కటే మారింది. కస్టమర్ సంతోషించాడు, మెకానిక్‌కి మాత్రం అసలు సంగతి కనపడకుండా పోయింది. విండోస్ 7లో రెండూ పెట్టారు. ఇన్‌స్టాల్డ్ ఇంత, పక్కన బ్రాకెట్లో యూజబుల్ ఇంత. ఇదే నిజాయతీగా ఉన్న పద్ధతి. ఇప్పటికీ అదే నడుస్తోంది.

ఇప్పటి ల్యాప్‌టాప్‌ల సంగతి

"అదంతా పాత కథ సార్, ఇప్పుడు అన్నీ 64 బిట్టే కదా, నా ల్యాప్‌టాప్‌లో 8కి 5.9 ఎందుకు?" అని ఒకమ్మాయి ఇందాక వచ్చేటప్పుడే అడిగింది. ఆ ల్యాప్‌టాప్ ఇదిగో, ఇక్కడ పెట్టాను. అమ్మా, తెర అందరికీ కనపడేలా కాస్త ఇటు తిప్పు.

చూడండి. టాస్క్ మేనేజర్ తెరిచాను. పెర్ఫార్మెన్స్, మెమరీ. కింద చిన్న అక్షరాల్లో చూడండి, హార్డ్‌వేర్ రిజర్వ్‌డ్ అని ఉంది. పక్కన 2.1 జీబీ. మనం వెతుకుతున్నది అదే. ఎవరూ దొంగిలించలేదు, అక్కడే రాసి ఉంది. ఎవరూ చదవరు. అందరూ పైన గ్రాఫు చూస్తారు, కింద అంకె చూడరు.

ఎవరికి రిజర్వు చేశారు? ఈ ల్యాప్‌టాప్‌లో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. ప్రాసెసర్ లోపలే గ్రాఫిక్స్ ఉంది. దీంట్లో ఉన్నది ఏఎండీ రైజెన్. విడి కార్డుకి తన మెమరీ తనకుంటుంది. లోపల ఉన్న గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఏది? లేదు. అందుకని మీ ర్యామ్‌లోనే కొంత కోసుకుంటుంది. ఇక్కడ తేడా గమనించండి, ఇది ముఖ్యం. పాత 32 బిట్ కథలో పోయినవి నంబర్లు. ర్యామ్ ఖాళీగా, ఎవరికీ పనికిరాకుండా పడి ఉండేది. ఇక్కడ ర్యామ్ ఖాళీగా లేదు, నిజంగానే పని చేస్తోంది. మీరిప్పుడు చూస్తున్న తెర బొమ్మ ఆ రెండు జీబీలోంచే వస్తోంది. లక్షణం ఒకటే, కారణాలు రెండు. డాక్టరు దగ్గరికి ఇద్దరు జ్వరంతో వస్తే ఇద్దరికీ ఒకే మందు రాయడు కదా?

ఎంత కోయాలో నిర్ణయించేది విండోస్ కాదు, బయోస్. ఏఎండీ వాటిలో సాధారణంగా యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్ అని ఉంటుంది. ఇంటెల్ వాటిలో డీవీఎంటీ ప్రీ అలొకేటెడ్ అని. ఇంటెల్ వాటిలో మామూలుగా ఇది తక్కువే ఉంటుంది, అందుకే వాటిల్లో 8కి 7.7, 7.8 అలా కనిపిస్తుంది. కొన్ని ల్యాప్‌టాప్‌లలో కంపెనీవాళ్లు ఈ మెనూనే దాచేస్తారు, మనం మార్చలేం. అలాంటప్పుడు కస్టమర్‌కి ఉన్నమాట చెప్పేయాలి. ఆశ పెట్టకూడదు.

దీన్ని తగ్గిస్తే నష్టమా అని అడుగుతారు. ఉద్యోగానికి, చదువుకి, డీటీపీకి వాడేవాళ్లకు నష్టం లేదు. కేటాయింపు తగ్గించినా, గ్రాఫిక్స్‌కి ఎక్కువ అవసరమైనప్పుడు విండోస్‌ని అడిగి మామూలు ర్యామ్‌లోంచి తీసుకుంటుంది, పని అయ్యాక వదిలేస్తుంది. ముందే కోసిపెడితే మాత్రం వాడినా వాడకపోయినా దానిదే. కొన్ని గేములు కేటాయించిన మెమరీ ఎంతుందో చూసి గానీ మొదలవవు. గేములు ఆడే పిల్లలున్న ఇంట్లో అడిగి మార్చండి.

లినక్స్ వేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఒకరిద్దరు ఉన్నారు, సంతోషం. మీకు ఇంకో లెక్క కనపడుతుంది. మెమరీ లెక్క చూపే ఫ్రీ కమాండ్ కొడితే మొత్తం అనే చోటే తక్కువ ఉంటుంది. అందులో ఒక భాగం చిట్టా పుస్తకానిది. లినక్స్ ర్యామ్‌ని 4 కేబీ పేజీలుగా కోసుకుంటుంది. ఏ పేజీ ఎవరి దగ్గరుందో రాసుకోవాలి కదా? ఒక్కో పేజీకి 64 బైట్ల పద్దు. 8 జీబీలో పేజీలెన్ని? 20 లక్షల 97 వేల 152. వాటిని 64తో హెచ్చవేస్తే సరిగ్గా 128 ఎంబీ. ర్యామ్ లెక్క రాసుకునే పుస్తకం కూడా ర్యామ్‌లోనే ఉండాలి, వేరే చోటు లేదు. ఎంత ర్యామ్ వేస్తే పుస్తకం అంత లావవుతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. విండోస్ 7 హోమ్ బేసిక్ మన దేశంలో చాలా ల్యాప్‌టాప్‌లతో వచ్చింది. అది 64 బిట్ అయినా 8 జీబీ దాటి వాడదు, 16 వేసినా 8 దగ్గరే ఆగుతుంది. స్టార్టర్ అయితే 2 జీబీ. ఎడిషన్ పేరు చూడకుండా ర్యామ్ అమ్మకండి. ఇంకోటి, విండోస్ సెట్టింగులు మార్చే ఎంఎస్‌కాన్ఫిగ్‌లో మ్యాక్సిమమ్ మెమరీ అని ఒక టిక్ ఉంటుంది. "అది పెడితే స్పీడు పెరుగుతుంది" అని వీడియోల్లో చెప్తారు. పెరగదు. అది ప్రోగ్రాములు రాసేవాళ్లు తక్కువ ర్యామ్‌తో పరీక్షించుకోవడానికి పెట్టిన హద్దు. ఎవరో పెట్టి వదిలేస్తే విండోస్‌కి ఆ హద్దు లోపలిదే అందుతుంది. టిక్ తీసేయండి, రీస్టార్ట్ చేయండి, అంతే.

హార్డ్ డిస్క్ గురించి ఆ వెనక బాబు అడుగుతున్నాడు. 1 టీబీ కొంటే 931 చూపిస్తుంది కదా, ఇదీ అలాంటిదేనా అని. మంచి ప్రశ్న. కాదు బాబూ. డిస్క్ కంపెనీ 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్కేస్తుంది. విండోస్ జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు అని లెక్కేస్తుంది. అక్కడ బైట్లు ఒక్కటి కూడా తగ్గలేదు, కొలపాత్ర మారింది. ర్యామ్ అమ్మేవాళ్లు, విండోస్ ఒకే కొలపాత్ర వాడతారు. కాబట్టి ర్యామ్ తక్కువ కనిపిస్తే "అది కంపెనీ లెక్క, ఇది కంప్యూటర్ లెక్క" అని చెప్పి తప్పించుకోకూడదు. ర్యామ్‌లో తగ్గిన ప్రతి ఎంబీకీ ఒక ఆసామి ఉంటాడు. ఎవరో వెతికి చెప్పాలి.

ఫోన్ల గురించి ఒక్క మాట. ఈమధ్య 4 ప్లస్ 4 అని అమ్ముతున్నారు. ప్లస్ తర్వాత ఉన్నది ర్యామ్ కాదు, స్టోరేజీలో కొంత చోటు. మీ ఇంట్లో పెద్దవాళ్లకు కొనేటప్పుడు ప్లస్‌కి ముందున్న అంకె చూసి కొనండి.

నిజంగానే ర్యామ్ పోయినప్పుడు

అన్నిసార్లూ లెక్కల్లో తేడానే ఉండదు. ఒక్కోసారి నిజంగానే ర్యామ్ అందదు. తేడా ఎలా తెలుస్తుంది? అంకె చూస్తే తెలుస్తుంది. 8కి 7.7 ఉంటే అది వాటా. 16కి సరిగ్గా 8 దగ్గర ఉంటే, అది ఇందాక చెప్పిన ఎడిషన్ హద్దు కాకపోతే, ఒక స్టిక్ మొత్తం కనపడటం లేదు. వాటా కోసుకునేది ఎప్పుడూ కాస్తే కోసుకుంటుంది, స్టిక్ పోతే స్టిక్ అంతా పోతుంది.

అప్పుడు మొదట ఎక్కడ చూడాలి? విండోస్‌లో కాదు, బయోస్‌లో. బయోస్‌లోనే 8 ఉంటే విండోస్‌ని ఏమీ అనొద్దు, ఫార్మాట్ కొట్టొద్దు. ఇది ఎంతమంది చేస్తారో తెలుసా? ర్యామ్ కనపడట్లేదని విండోస్ మళ్లీ వేస్తారు. మూడు గంటలు వృథా, కస్టమర్ డేటా పోతే పాపం.

ప్లగ్ తీయండి. తీశాక పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కనెక్టరు కూడా తీయాలి. క్యాబినెట్ లోహం ముట్టుకుని, అప్పుడు స్టిక్ తీయండి. కింద బంగారు రంగు కాళ్లున్నాయి చూడండి, వాటి మీద మసక పొర కనిపిస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. పిల్లలు పెన్సిల్ గీతలు చెరుపుకునే మెత్తటి తెల్ల రబ్బరుతో ఒకే వైపుకి, నెమ్మదిగా రుద్దండి. గట్టిగా రుద్దితే పూత పోతుంది. పొడి అంతా బ్రష్‌తో దులిపి, స్లాట్‌లో కూడా దులిపి, రెండు చివర్లూ టక్కుమనే దాకా నొక్కండి. ఆ టక్కు వినపడాలి. సగం సర్వీసు కాల్స్ ఆ టక్కుతో అయిపోతాయి.

అయినా రాకపోతే ఒక్కో స్టిక్‌నీ ఒక్కో స్లాట్‌లో విడిగా పెట్టి చూడండి. ఏ స్లాట్‌లో పెట్టినా ఒక స్టిక్ రాకపోతే స్టిక్ పోయింది. ఏ స్టిక్ పెట్టినా ఒక స్లాట్‌లో రాకపోతే స్లాట్ వైపు తప్పు. స్లాట్ అనగానే బోర్డు మార్చమని చెప్పేయకండి. ప్రాసెసర్ తీసి, సాకెట్‌లో పిన్నులు లెన్స్ పెట్టి చూడండి. ఒక్క పిన్ను వంగినా ఆ వైపు ర్యామ్ మొత్తం పోతుంది. ర్యామ్‌తో మాట్లాడే తీగలు ఇప్పుడు నేరుగా ప్రాసెసర్‌లోకే వెళ్తున్నాయి. కూలర్ ఒకవైపు గట్టిగా, ఒకవైపు వదులుగా బిగించినా ఇదే లక్షణం. నేను ఒకసారి నాలుగు మరలు సమానంగా బిగించినందుకే పోయిన 8 జీబీ తిరిగొచ్చింది.

ఇవన్నీ అయ్యాక, అప్పుడు షాపుకి వెళ్లండి. అప్పుడు "మీ స్టిక్ పోయింది, ఇదిగో ఇలా చూశాను" అని చెప్పండి. 2008లో నేను ఇవేవీ చేయకుండా వెళ్లాను.

అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ర్యామ్ వేసిన ప్రతి కంప్యూటర్‌కీ, కస్టమర్ ముందే ఒక కాయితం రాస్తాను. బయోస్‌లో ఎంత, విండోస్‌కి అందింది ఎంత, మధ్యలోది ఎవరికి పోయింది. ఆయనకు చూపించి, వివరించి, ఆయన చేత సంతకం పెట్టించుకుంటాను. రెండు నిమిషాల పని. ఆ కాయితం ఇచ్చాక ఈ విషయం మీద ఒక్కరు కూడా షాపుకి గొడవకు వెళ్లలేదు.

ఇప్పుడు ఈ అమ్మాయి ల్యాప్‌టాప్‌కి కూడా రాద్దాం. అమ్మా, బయోస్‌లో మార్చడం నీకు ఇష్టమేనా? గేములు ఆడవు కదా? సరే. రీస్టార్ట్ చేస్తున్నాను. ఎఫ్2. ఇదిగో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజ్. 2 జీబీ ఉంది, 512 ఎంబీ పెడుతున్నాను. సేవ్ చేశాను. కాస్త ఆగాలి, వస్తోంది... ఒకళ్లు ఆ పెన్ను, కాయితం తీసుకుని ముందుకు రండి. రాయండి. బయోస్‌లో 8192 ఎంబీ. గ్రాఫిక్స్‌కి 512. విండోస్ ఏం చూపిస్తోంది? గట్టిగా చదవండి. 7.4. మరి 8192లోంచి 512 తీసేస్తే 7680, అంటే 7.5 ఉండాలి కదా? ఆ మిగిలిన వంద ఎంబీ ఎవరిది? ఎవరు చెప్తారు? అవును, బయోస్ తన కోసం ఉంచుకున్నది. అదీ రాయండి, వదిలేయొద్దు. కింద తేదీ వేయండి. సంతకం నువ్వు పెట్టమ్మా, కంప్యూటర్ నీది.

ఇక అడగాల్సినవి అడగండి.